రోగి కుర్చీలో గిడ్డమ్మ

ప్రిన్సిపాల్ జయరాజ్ మాటను కాదని, గేటు బయట రోజుల తరబడి కూర్చున్న గిడ్డమ్మను శివజ్యోతి మేడం చేయి పట్టుకుని కాలేజీ లోపలికి తీసుకువచ్చిన చోట పోయినవారం ఆగాము. ఈ కథను ఇప్పుడే చేతిలోకి తీసుకున్నవారికి ముందు జరిగింది కొంత చెప్పాలి.

గిడ్డమ్మది ఆలూరు పక్కన ఒక పల్లె. ఆమె ఒక్కగానొక్క కూతురు హులిగెమ్మ. కర్నూలులో ఈ నర్సింగ్ కాలేజీకి అనుబంధంగా నడుస్తున్న ప్రైవేటు ఆసుపత్రిలో హులిగెమ్మ ఒక ఉదయం ఆడపిల్లను కని, రక్తస్రావం ఆగక, ఆ సాయంత్రానికే కన్నుమూసింది. పెద్దాసుపత్రికి పంపుతామని తాము ఎంత చెప్పినా తల్లి గిడ్డమ్మే ఒప్పుకోలేదని యాజమాన్యం ప్రకటించింది. ఊరు ఆ మాటను నమ్మింది. అల్లుడు హనుమేష్ కూడా నమ్మానన్నాడు. కూతుర్ని చేజేతులా చంపుకున్న మనిషికి తన బిడ్డను చూపనన్నాడు. గిడ్డమ్మ కాళ్లావేళ్లా పడగా చివరికి ఒక షరతు పెట్టాడు. ఆ రోజు వార్డులో ఉన్నవాళ్లలో ఏ ఒక్కరైనా తమ నోటితో, అత్త తీసుకుపోదామన్నది నిజమేనని చెబితే, బిడ్డను ఆమె ఒళ్లో పెడతానన్నాడు.

ఆ వార్డులో ఆ రోజు పనిచేసింది ఈ కాలేజీ ఆఖరి సంవత్సరం విద్యార్థులే.

శనివారం మధ్యాహ్నం హనుమేష్ బిడ్డను ఎత్తుకుని వచ్చాడు. తరగతి గదిలోకి రమ్మంటే రాలేదు. వరండాలో బల్లమీద కూర్చుని, బిడ్డ ముఖానికి ఎండ తగలకుండా తువ్వాలు అడ్డం పట్టుకున్నాడు. ఎవరూ చెప్పరన్న ధీమా అతని ముఖంలో ఉందో, చెబుతారేమోనన్న భయం ఉందో శివజ్యోతి పోల్చుకోలేకపోయింది.

శివజ్యోతి బోధించే పాఠానికి వృత్తి నీతి అని పేరు. మిగతా కాలేజీల్లో దానికి నోట్సు ఇచ్చి, బట్టీ పట్టించి, పరీక్ష రాయించి ముగిస్తారు. ఆమె పద్ధతి వేరు. గది మధ్యలో ఒక కుర్చీ వేయిస్తుంది. దానిని పిల్లలు రోగి కుర్చీ అంటారు. ప్రతి శనివారం ఒకరు రోగిగానో, రోగి తల్లిగానో, భర్తగానో అందులో కూర్చుంటారు. కూర్చున్నవారు ఏం అడిగినా తక్కినవాళ్లు నిలబడి జవాబు చెప్పాలి. ఏం కాదులెండి అన్న మాట మాత్రం ఆ గదిలో నిషిద్ధం. తెలియకుండా ధైర్యం చెప్పడం కూడా అబద్ధమే అని ఆమె మొదటి రోజే చెబుతుంది.

ఇంతకాలం ఆ కుర్చీలో ఏడ్చిన ఏడుపులన్నీ నటనలే. ఇవాళ గిడ్డమ్మ దాని ముందు నిలబడి, చీర చెంగుతో కుర్చీని తుడిచింది.

"ఇది రోగులు కూర్చునేదా తల్లీ? నేను రోగిని గాదే."

"రోగి తరఫున అడిగేవాళ్లు కూర్చునేది, అమ్మా. ఇవాళ ఆ చోటు మీది."

"అయితే నా బిడ్డ సోటన్నమాట," అని గిడ్డమ్మ అంచుమీద కూర్చుంది. వెనక్కు ఆనుకోలేదు.

విద్యార్థులు తలలు వంచుకున్నారు. ఆ ఉదయమే ప్రిన్సిపాల్ సంతకంతో నోటీసు వచ్చింది. సదరు మరణం గురించి ఎవరు నోరు విప్పినా పరీక్షకు పంపేది లేదని అందులో ఉంది. నీతిపాఠం చెప్పే గది తలుపుకే దానిని అంటించారు.

"ఈ అమ్మ మిమ్మల్ని అడగడానికి వచ్చారు," అంది శివజ్యోతి. "నేను మధ్యలో రాను. తెలిసింది చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పండి."

ఇటువంటి నిశ్శబ్దాన్ని భరించలేనివాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. ఇక్కడ భూపేష్ లేచాడు.

"అమ్మా, మీకు జరిగిన నష్టానికి మేమందరం ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాం."

గిడ్డమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నష్టమా? ఏమప్పా, ఉల్లిగడ్డలు కుళ్లిపోతే వచ్చేది నష్టం. నాది బిడ్డ. రేపు నీ పెండ్లాం పురిటికి పోయినప్పుడు గూడా ఇట్లనే మాట్లాడ్తావా?"

వెనక బెంచీలో ఎవరిదో నవ్వు బయటికి వచ్చి, వెంటనే సిగ్గుపడి ఆగింది. భూపేష్ చెవులు ఎర్రబడ్డాయి. అతను కూర్చున్నాడు.

శివాని లేచింది. తరగతిలో మార్కులు బాగా తెచ్చుకునే పిల్ల. "రోగి పరిస్థితిని బంధువులకు వారికి అర్థమయ్యే భాషలో వివరించాలి. అది వారి హక్కు అమ్మా. ఆ రోజు వివరించకపోయుంటే అది మా తప్పే."

"అర్థమయ్యే భాషలోనే చెప్పినారు పాపా. మా ఊరి మాటలోనే చెప్పినారు. అబద్దం శానా బాగ అర్థమైంది నాకు."

శివాని నిలబడే ఉండిపోయింది. ఎప్పుడు కూర్చోవాలో ఆమెకు తెలియలేదు.

గిడ్డమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. పొలాల్లో కలుపు తీసి గట్టిపడిన ఆ వేళ్లు ఒకదానినొకటి పట్టుకున్నాయి. ఆమె కుర్చీలోంచి ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా చెప్పసాగింది.

"పొద్దున్నే బిడ్డ పుట్టింది. బాగనే ఉండారన్నారు. ఎండెక్కినాక హులిగి మొగం సున్నం మాదిరి అయింది. అమ్మా, దప్పి అయితాండాది, అమ్మా, సలి పెడతాండాది అంటాది. మండు ఎండలో సలేంది? కింద గుడ్డ మారుస్తాంటే మారుస్తాండాను, మళ్లీ తడుస్తాండాది. నాకు చదువు రాదు గాని, నేనూ కన్నదాన్నే గదా. దీన్ని పెద్దాసుపత్రికి ఎత్తుకపోతాం, ఆటో పిలుస్తాం అని ఆడున్న సిస్టరమ్మకు చెప్పినా. ఆయమ్మ సరే అనలే, కాదనలే. కొంచెంసేపటికి ఒక పిల్ల వచ్చింది."

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది.

"వచ్చి నా పక్కన నేలమీద కూర్చునింది. తెల్లగుడ్డలేసుకొని నేలమీద ఎవురు కూర్చుంటారు తల్లీ? అవ్వా, మీది యా ఊరు అనింది. చెప్పినా. మాదీ ఆ పక్కే అనింది. మా మాటే, మా యాసే. నా పాణం లేసొచ్చింది. పొద్దున్నుంచీ తినలేదంటే మూటిప్పి జొన్నరొట్టె, చెనక్కాయల పొడి పెట్టినా. మొగానికి కట్టుకున్నది కిందికి లాగి, రొట్టె తుంచుకొని తినింది. తిని చెప్పింది, అవ్వా, డాక్టరు పైనుండాడు, దిగి వస్తాండాడు, ఇప్పుడు కదిలిస్తేనే ముప్పు, నేనుండా గదా అని. నేను ఆటో వద్దనుకున్యా. నాతో కల్సి తిన్న పిల్ల నాకు అబద్దం చెప్తాదా? మా తట్టు చెప్పరు. కొట్లాడుకుంటారు, నరుక్కుంటారు, గాని పెట్టింది తిన్న నోటితో మాత్రం..."

చదువుకున్న మనిషి అయితే డాక్టరు పేరేమిటని అడిగేది, పైన అంటే ఏ గది అని వెళ్లి చూసివచ్చేది. గిడ్డమ్మకు ఒక రొట్టెముక్క చాలింది. ఆమె చేసిన పొరపాటు అంతే. ఆ పొరపాటును ముందే లెక్కలో వేసుకుని ఆ పిల్లను పంపినవారిని ఏ న్యాయస్థానం ముందు నిలబెట్టాలో శివజ్యోతికి తెలియలేదు.

"ఆ అమ్మాయిని మీరు గుర్తుపట్టగలరా?" అని అడిగింది.

"గడపలో కాలు పెట్టినప్పుడే గుర్తుపట్టినా."

భూపేష్ తలెత్తి చుట్టూ చూశాడు.

"గాని నేను చూపియ్యను. నేను చూపిస్తే నేను చెప్పినట్లయితాది. నా మాట ఎవురికి గావాల? ఆ పిల్లే చెప్పల్ల."

కిటికీ పక్క బెంచీలో మహేశ్వరి కూర్చుని ఉంది. తండ్రి ఆలూరు వైపునుంచి బేతంచెర్లకు వలస వచ్చి, నాపరాళ్లు పాలిష్ చేసే చోట పనికి చేరి, దుమ్ముకు దగ్గుతూనే ఆమెను ఇక్కడిదాకా చదివించాడు. రోగులతో మాట్లాడే తీరులో తరగతిలో ఆమెను మించినవాళ్లు లేరు. పల్లెల నుంచి వచ్చినవాళ్లతో వాళ్ల మాటలోనే మాట్లాడుతుందని శివజ్యోతే స్వయంగా వార్డువాళ్లకు ఆమె పేరు చెప్పి మెచ్చుకుంది. ఇప్పుడు ఆ పేరును శివజ్యోతి మనసులో కూడా ఉచ్చరించడానికి జంకింది. కానీ లేచింది ఆ పిల్లే.

"నేనే అవ్వా," అంది మహేశ్వరి.

గిడ్డమ్మ మెల్లగా తల తిప్పింది.

"డాక్టరు పైనుండాడని చెప్పింది నేనే. ఆయప్ప పైన లేడు. ఊర్లోనే లేడు. కడపలో ఉండాడు. ఎక్కించేదానికి రక్తం గూడా లేదు. నాకు తెలుసు. తెలిసే చెప్పినా."

"ఎందుకు చెప్పావు?" శివజ్యోతి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఇన్‌ఛార్జి సిస్టరు పిలిచింది మేడం. మీ పక్కోళ్లే గదా, నువ్వు చెప్తే వింటారు, డాక్టరొచ్చేదాకా కదలనియ్యొద్దు అనింది. కాదంటే ఏమయితాదో అని భయపడినా." మహేశ్వరి బెంచీ అంచును రెండు చేతులతో పట్టుకుంది. "మీరు నేర్పించినట్లే చేసినా మేడం. రోగి ఎత్తులోనే కూర్చోవాలన్నారు, నేలమీద కూర్చున్నా. వాళ్ల మాటలోనే మాట్లాడాలన్నారు, మాట్లాడినా. ప్రేమగా పెట్టింది తోసెయ్యొద్దన్నారు, తిన్నా. మీరు చెప్పినవన్నీ చేసినా. నిజం ఒక్కటే చెప్పలే."

శివజ్యోతి బల్లను ఆనుకుని నిలబడింది. సత్యాన్ని మోయడానికని ఇన్నేళ్లుగా ఆమె ఈ పిల్లలకు మెత్తని చేతులు ఇచ్చింది. అవే చేతులతో ఒక తల్లి కళ్లకు గంత కట్టారు. తనను తాను క్షమించుకోవడానికి ఆమెకు ఒక్క కారణం కూడా దొరకలేదు. వెతికే అర్హత కూడా తనకు లేదనుకుంది.

గిడ్డమ్మ మాత్రం ఏడవలేదు. ఆమె ముఖంలో ఎన్నాళ్లుగానో బిగిసి ఉన్నది ఏదో సడలింది.

"సాలు. ఈ మాటే గావాల నాకు. నిన్ను తిట్టను పాపా, కొట్టను. నిన్ను సమించేది నా శాత గాదు, అది అడగొద్దు నన్ను. నాకు నా మనవరాలు గావాల, అంతే. మా హనుమేసు బైటుండాడు. పిలుస్తా, వానికి గూడా ఇట్లనే చెప్పు. పరాయివాడు గాదు, నా తమ్ముని కొడుకే. వాళ్లమ్మ పోతే నేనే సాకినా. మంచోడు. ఎవురో చెప్పిన మాట ఇని మనసు ఇరిగింది వానికి. నువ్వు చెప్తే ఇంటాడు." ఆమె కుర్చీ చేతులమీద బరువు మోపి లేవబోయింది.

"ఆగవ్వా." మహేశ్వరి ఆమె దగ్గరికి వచ్చింది. ఆ రోజు కూర్చున్నట్లే, కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. "అన్నను పిలవొద్దు. ఇంగొకటుండాది."

"ఏంది?"

"అన్నకు తెలుసవ్వా."

"ఏం తెలుసు?"

"అంతా తెలుసు. రొట్టె తిన్నాక నాకు మనసు ఒప్పలే. బైటికొచ్చి హనుమేషన్నకు చెప్పినా. అన్నా, డాక్టరు ఊర్లో లేడు, అవ్వ చెప్పినట్ల అక్కను బిరీన పెద్దాసుపత్రికి తీసకపో, నేను చెప్పినానని మాత్రం చెప్పగాకు అని చేతులు పట్టుకున్యా. ఆయప్ప గోడకానుకొని ఏడ్సినాడు. మా యమ్మను ఆఖరి గడియలో ఆడికి తీసకపోయినాం, పీనిగను తెచ్చుకున్యాం, నేను మళ్లీ ఆ మెట్లెక్కలేను పాపా అన్నాడు. డాక్టరొచ్చేదాకా చూస్తామన్నాడు. అత్తకు చెప్పొద్దన్నాడు."



గిడ్డమ్మ మహేశ్వరి ముఖంలోకి చూస్తూనే ఉంది. ఈసారి అబద్ధం కోసం వెతుకుతున్నట్లు చూసింది. అబద్ధమైతే బాగుండునని ఆ చూపు బతిమాలింది. దొరకలేదు. మళ్లీ కుర్చీలో కూలబడి, మొదటిసారి వెనక్కు ఆనుకుంది.

"హులిగి దినం నాడు," అంది, "అందరి ముందర నన్ను అడిగినాడు. ఎందుకు వద్దన్యావత్తా, ఎందుకు చంపుకున్యావు అని. వాడు ఏడుస్తాంటే నేనే వాని తల నా ఒళ్లో పెట్టుకొని ఓదార్సినా. పాపం, వీనికి తెలీదు గదా అనుకున్యా."

శివజ్యోతి ఆమె భుజంమీద చేయి వేసింది. గిడ్డమ్మ దానిని తీసివేయలేదు, గుర్తించనూ లేదు.

"మేడమ్మా, మీరంతా చదువుకున్నోళ్లు. నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టినారు. అడిగితే జవాబు చెప్తామన్నారు. ఇప్పుడడుగుతాండా, చెప్పండి. నిజం చెప్పల్ల అంటే ఊరందరి ముందర వాన్ని నిలబెట్టల్ల. నిలబెడితే వాడు ఆ పసిదాన్ని ఎత్తుకొని యాడికన్నా పోతాడు, నేను సచ్చేదాకా చూడను. చెప్పకపోతే నా బిడ్డను నేనే చంపినదాన్నయి బతకల్ల. హులిగి ఉంటే ఏం చెయ్యమనేది? దాని బిడ్డను సూసుకోమనేదా, దాని సావుకు న్యాయం అడగమనేదా?"

ఎవరూ లేవలేదు. భూపేష్ అరచేతులతో కళ్లు రుద్దుకుంటున్నాడు. శివాని ఎప్పుడో కూర్చుంది. వారు చదివిన పుస్తకంలో ఇటువంటి సందిగ్ధాలకు మెట్టుమెట్టుగా ఒక మార్గం వేసి ఉంది. మొదట వాస్తవాలు తెలుసుకోవాలి, తరువాత ఎవరికి ఏ హాని జరుగుతుందో తూచాలి. ఎంత తూచినా రెండు వైపులా ఒకే తల్లి గుండె ఉంటే ఏం చేయాలో అది చెప్పలేదు. పైగా ఆ తూకం వేయవలసింది ఈమె కాదు. తప్పు చేసినవారందరూ దర్జాగా పక్కకు తప్పుకుని, నిర్ణయాన్ని మాత్రం అన్యాయానికి గురైన మనిషి నెత్తిన పెట్టారు. ఈ లోకంలో జరిగే అన్యాయాల్లో ఇంతకంటె నీచమైనది శివజ్యోతికి తోచలేదు.

"నాకు తెలియదమ్మా," అంది ఆమె. తన నియమాన్ని తానే పాటించినందుకు ఆమెకు ఎటువంటి గర్వమూ కలగలేదు.

అప్పుడు వరండాలో బిడ్డ ఏడ్చింది. ఆకలి ఏడుపు. గిడ్డమ్మ ఒళ్లంతా ఆ వైపుకు తిరిగింది. కూతురి గొంతు తెలిసిన ఆమెకు ఆ ఏడుపులో ఏం వినిపించిందో, రెండు చేతులూ వాటంతట అవే ఒళ్లోంచి లేచాయి.

తలుపు తోసుకుని హనుమేష్ వచ్చాడు. బిడ్డను భుజాన వేసుకుని తడుతున్నాడు. నేలమీద తల వంచుకుని కూర్చున్న మహేశ్వరి, శివజ్యోతి వెనక ఉండడంతో, అతనికి కనిపించలేదు.

"ఏమత్తా, దీనికి పాల యాలైంది. ఇంగ పోతాండా." అతని చూపు అత్త మీద నిలవలేదు, గోడ మీదికి పోయింది. "ఎవురన్నా చెప్పినారా?"

గిడ్డమ్మ లేచి నిలబడింది. తువ్వాలు జారి, బిడ్డ ముఖం బయటికి వచ్చింది. పుట్టిన రోజు తరువాత ఆమె ఆ ముఖాన్ని చూడడం ఇదే. నుదురు, కనుబొమ్మలు, ఏడ్చేటప్పుడు కిందిపెదవి వంకరపోయే తీరు, అన్నీ హులిగెమ్మవే.

"లేదు నాయనా," అంది. "ఎవురూ చెప్పలే."

గదిలో సన్నని కలకలం లేచింది. శివజ్యోతి "అమ్మా" అని పిలవబోయింది.

"చెప్పేదానికేముండాది? తప్పు నాదే. నేనే వద్దన్యా. నేనే చంపుకున్యా దాన్ని." గిడ్డమ్మ, పొలంలో కూలీకి వచ్చిన మనిషి యజమానితో మాట్లాడినట్లు, పొడిగా, వంగి మాట్లాడింది. "ఊర్లో గూడా అదే చెప్తా. నువ్వు యాడ చెప్పమంటే ఆడ చెప్తా. ఒక్కసారి ఎత్తుకోనీ నాయనా."

హనుమేష్ కదలలేదు. ఆమె చెప్పింది అబద్ధమని ఆ గదిలో అందరికంటె బాగా తెలిసినవాడు అతనే. ఒక అడుగు ముందుకు వేశాడు. బిడ్డను భుజం మీదినుంచి దించి, రెండు చేతులతో ఆమెకేసి చాచాడు.

శివజ్యోతి వెనకనుంచి మహేశ్వరి లేచింది.

"అన్నా," అంది.

హనుమేష్ తల తిప్పి చూశాడు. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. చాచిన చేతులు చాచినట్లే నిలిచిపోయాయి.

"కూర్చో పాపా," అంది గిడ్డమ్మ, వెనక్కు తిరగకుండానే. "నీకు దండం పెడ్తా. కూర్చో."

బిడ్డ కాళ్లు గిడ్డమ్మ అరచేతుల్లోకి వచ్చాయి. తల ఇంకా హనుమేష్ చేతిలోనే ఉంది.

మహేశ్వరి కూర్చోలేదు.